బుడ్డింజను పోగులు

యాకయ్యకు మనుషుల మీద నమ్మకం పుట్టుకతోనే కాస్త తక్కువ. పాలు పోసే ఆమె చెంబు దించకముందే వేలు ముంచి చూస్తాడు. కండక్టరు కొత్తగూడ వచ్చిందని కేకేస్తే, కిటికీలోంచి తల బయటపెట్టి తన కళ్లతో చూసుకుంటే గాని బస్సు దిగడు. పెండ్లయిన కొత్తలో భార్య బుచ్చవ్వ వండిన కూరను ముందు పిల్లికి పెట్టి చూశాడని ఊళ్లో చెప్పుకుంటారు. అది అబద్ధమని బుచ్చవ్వ అంటుంది. ఎందుకంటే ఆ ఇంట్లో ఎప్పుడూ పిల్లి లేదు.

అటువంటి మనిషి కూడా పూర్తిగా నమ్మినది ఒకటి ఉంది. కొత్తగూడ అవతల అడవి అంచున, రేకుల షెడ్డులో నిలబడి ఉన్న బుడ్డింజను.

రెండడుగుల వెడల్పు పట్టాల మీద నడిచే ఆవిరి ఇంజను అది. మహబూబాబాద్ స్టేషనులో ఆగే పెద్ద ఇంజన్ల పక్కన నిలబెడితే దీని పొగగొట్టం వాటి నడుము దాకా కూడా రాదు. అందుకే జనం బుడ్డింజను అన్నారు. ఎక్కడో ఆనకట్ట పనిలో ఏండ్ల తరబడి మట్టి మోసి, ఆ పని తీరాక వేలానికి వస్తే, పెద్దవంగర పెద్దపటేలు పాడుకుని తెచ్చాడు. ఆయన అడవి కాంట్రాక్టరు. కొట్టిన టేకు దుంగలను మహబూబాబాద్ చేర్చడానికి చిన్న పట్టాల లైను వేయించాడు. ఇంజనుకు దానియేలు డ్రైవరు. యాకయ్య పొయ్యిలో కట్టెలు ఎగదోసే ఫైర్‌మన్. తండా నుంచి వచ్చిన భీమ్లా పట్టాల గ్యాంగుకు మేస్త్రీ. ఫిట్టరు రాములు కొన్నాళ్లకు పాము కరిచి పోయాడు గాని, ఆయన భార్య ఎల్లక్కను ఆ గుంపు వదులుకోలేదు. రాములుకు రావలసిన వాటా ఏదైనా ఆమెకే ఇచ్చేవారు.

వాటా అంటే ముఖ్యంగా కందూరు వాటా. యాకయ్య పేరే అన్నారం యాకూబు బాబా మొక్కు. ఏటా వీళ్లంతా కలిసి ఆ దర్గాకు మేకను తీసుకుపోయి, ఫాతెహా ఇప్పించి, వండింది అక్కడ తిని, మిగిలిన పచ్చి మాంసాన్ని షెడ్డు ముందు మోదుగాకుల మీద పోగులు పెట్టేవారు. ఒకరు వెనుదిరిగి నిలబడతారు. ఇంకొకరు ఒక పోగు మీద చెయ్యి వేసి ఇది ఎవరిదని అడుగుతారు. వెనుదిరిగిన మనిషి తోచిన పేరు చెప్పాలి. ఎముకలు వచ్చినా, మెత్తని కండ వచ్చినా నోరెత్తకుండా తీసుకుపోవాలి. నీకేమొచ్చిందని పక్కవాళ్లను అడగడం మర్యాద కాదు. అడిగితే వచ్చే ఏడు కందూరుకు పిలవరు. ఈ ఒక్క పద్ధతిలో మాత్రం మోసం లేదని యాకయ్య కూడా ఒప్పుకున్నాడు.

అరవై తొమ్మిదిలో తెలంగాణ గొడవలు లేచాయి. విద్యార్థులు మహబూబాబాద్ దగ్గర పట్టాల మీద బైఠాయించారు. పెద్ద బండ్లు ఆగాయి, బుడ్డింజనూ ఆగింది. దానియేలు దుంగల బండ్లను అక్కడే విడిచి, ఇంజనును వెనక్కు నడుపుకుంటూ షెడ్డుకు తెచ్చాడు. గొడవలు చల్లారాక మళ్లీ పోదామనుకున్నారు. అవి చల్లారేసరికి పెద్దపటేలు కన్నుమూశాడు, అడవి కాంట్రాక్టు చేజారింది. కొడుకు సంజీవరెడ్డికి రాజకీయాల మీదున్న ప్రేమ దుంగల మీద లేదు. షెడ్డుకు యాకయ్యను కావలి పెట్టి, పక్కనున్న చెలక దున్నుకొమ్మన్నాడు. యాకయ్య, దానియేలు వారం వారం ఇంజనుకు ఇప్పనూనె పూసి తుడిచేవారు. తుప్పు పడుతుంటే చూడలేకపోయారు, అంతే.

ఎమర్జెన్సీ రోజుల్లో ఇస్త్రీ బట్టల మనుషులు కొందరు వచ్చారు. సర్వే వాళ్లమన్నారు. పట్టాలకు నంబర్లు వేసి భద్రపరచమని సర్కారు చెప్పిందన్నారు. ఎండలో పనిచేస్తున్నారని యాకయ్య జాలిపడి, తన చేత్తో వాళ్లకు మజ్జిగ పోశాడు. వాళ్లు చల్లగా తాగి, లైను లైనంతా ఊడబెరికి, లారీల్లో ఎక్కించుకుని పోయారు. తరువాత తెలిసింది, పాత ఇనుము సేట్లని. ఆ మజ్జిగ గుర్తొస్తే యాకయ్యకు ఇప్పటికీ కడుపు మండుతుంది. ఇంజను మాత్రం ఆ దారిన పోకూడదని ఆ రోజే గట్టిగా అనుకున్నాడు. అంతకు మించి అతనికి పెద్ద కోరికలు లేవు.

అందుకే ఎనభై మూడులో, వానకాలం ముందు, మెడలో కెమెరాతో విద్యాసాగర్ షెడ్డు ముందు దిగినప్పుడు యాకయ్య మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. విద్యాసాగర్‌ది బెజవాడ వైపు, ఉద్యోగం జనగామ స్టేషనులో. పాత ఇంజన్లంటే పిచ్చి. సెలవు దొరికితే ఎక్కడ ఏ ఇంజను తుప్పు పడుతోందో వెతుక్కుంటూ తిరిగేవాడు. పట్నంలో రైలు మ్యూజియం పెడుతున్నారనీ, ఇంత చిన్న ఆవిరి ఇంజను వాళ్ల దగ్గర లేదనీ, పెద్దలను తీసుకొచ్చి చూపిస్తాననీ చెప్పాడు. ఇంజను చుట్టూ తిరిగి, లోపలికెక్కి, అన్నిటికంటే ముందు అడిగిన మాట ఇది.

“ఇత్తడి సామాన్లు అన్నీ ఉన్నాయా అండీ? ఏవీ పోలేదు కదా?”

యాకయ్యకు అక్కడే అనుమానం తగిలింది. ఇనుము సేటు అడిగే మొదటి మాట కూడా అదే. పైగా బట్టలు ఇస్త్రీవి. సామాను పూర్తిగా ఉంటేనే మ్యూజియం వాళ్లు తీసుకుంటారని విద్యాసాగర్ చెప్పినది ఈ చెవిన దూరి ఆ చెవిన పోయింది. ఇంజను ఈయనకు ఇవ్వడానికి సంజీవరెడ్డి కూడా ఒప్పుకున్నాడని వినగానే, ఇద్దరూ కలిసే బేరం కుదుర్చుకున్నారని యాకయ్య తేల్చేశాడు.

ఆ సాయంత్రమే దానియేలు ఇంటికి పోయాడు. బోల్టులు విప్పే పానాలు ఉన్నది దానియేలు దగ్గరే.

“అన్నా, పట్టాలు పోయినట్టే గిది గూడ పోతది. ఇత్తడి ఊడదీసి దాస్తె సేటు రాడు. ఉత్త ఇనుముకు గీ అడవి దాక లారీ ఎవడు తెస్తడు?”

దానియేలు నెమ్మదైన మనిషి. ఆయన నిజంగానే మ్యూజియం మనిషైతే ఎట్లని అడిగాడు. అయితే అప్పుడు తెచ్చి పెడదాం, మన ఇండ్లల్లోనే ఉంటాయి కదా అన్నాడు యాకయ్య. దానియేలుకు ఆ మాట సబబుగానే తోచింది.

మరునాడు తలుపులు మూసి నాలుగు సామాన్లు విప్పారు. ఈల, ఆవిరి ఎంతుందో చూపే గడియారం, చేసిన కంపెనీ పేరున్న ఇత్తడి పలక, బాయిలరులోకి నీళ్లు తోసే ఇంజెక్టరు. అంతా ఒకరింట్లో పెడితే ఆ ఒక్కరి బుద్ధి మారినా ఇంజను మునుగుతుంది. యాకయ్యకు తన మీద తప్ప ఎవరి మీదా భరోసా లేదు, మిగతా వాళ్లకు యాకయ్య ఒక్కడి మీద పెట్టడం ఇష్టం లేదు. అందుకని కందూరు పద్ధతే మేలనుకున్నారు. భీమ్లాను, ఎల్లక్కను పిలిచారు. నాలుగింటినీ గోనె గుడ్డల్లో చుట్టి, కట్టి, పోగులుగా పెట్టారు. ఎల్లక్క వెనుదిరిగి నిలబడి పేర్లు చెప్పింది. ఎవరి మూట వాళ్లు తీసుకున్నారు. ఎవరి పోగులో ఏముందో ఇంకొకరికి చెప్పకూడదు, అడగకూడదు. పోలీసులు పట్టుకున్నా ఒక్కటే పోవాలి. యాకయ్య, ఎల్లక్క యాకూబు బాబా మీద ఒట్టేశారు. భీమ్లా సేవాలాల్ మహరాజ్ మీద వేశాడు. దానియేలు ఒట్టు వేయడం తన మతంలో తప్పని, మాట ఇచ్చాడు.

యాకయ్యకు ఇంజెక్టరు వచ్చింది. ఏండ్ల తరబడి తన చేత్తో తిప్పినదే. దాన్ని వడ్ల గుమ్మి అడుగున పెట్టి, పైన వడ్లు పోసి, ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు.

హాయి ఆ ఒక్క రాత్రే. తెల్లారి నుంచి మిగతా మూడు మూటల మీద పడింది అతని ధ్యాస.

మొదట భీమ్లా. ఒకనాడు బరువైన గోనె సంచి భుజాన వేసుకుని కాటారం పోయే బస్సు ఎక్కాడు. వచ్చేటప్పుడు చేతులు ఊపుకుంటూ వచ్చాడు. సంచిలో ఏముందని నోటి చివరిదాకా వచ్చిన మాటను యాకయ్య మింగేశాడు. తరువాత దానియేలు. నెలకొకసారి పోనివాడు, ఇప్పుడు వారం తిరగకుండా జనగామ పోతున్నాడు. ఇనుము సేట్లుండేదీ జనగామలోనే, ఆ కెమెరా మనిషి ఉండేదీ జనగామలోనే. ఎల్లక్క సంగతి చూస్తే అన్నిటికంటే అన్యాయం. నిప్పు కావాలనే వంకతో ఆమె ఇంటికి పోయినప్పుడు, పొయ్యి పక్కన తళతళలాడుతూ కొత్త ఇత్తడి బిందె కనిపించింది. పాత ఇత్తడి వేస్తే కొత్త బిందె ఇస్తారని ఎవరికి తెలియదు?

“మంచిగున్నది బిందె,” అన్నాడు యాకయ్య.

“మంచిగనే ఉంటది,” అని ఎల్లక్క బిందెను చీర కొంగుతో కప్పింది.

కప్పడమెందుకు? యాకయ్య నిప్పు తీసుకోవడం మరిచిపోయి ఇంటికొచ్చాడు. ముగ్గురూ అమ్ముకున్నారు, తనొక్కడే పిచ్చివాడిలా గుమ్మికి కాపలా కాస్తున్నానని బుచ్చవ్వతో చెప్పుకుని ఏడ్చినంత పని చేశాడు. బుచ్చవ్వ వడ్లు చెరుగుతూ వింది.

“నువ్వు మన ఇంటికి కొత్త పెంకులు కప్పినవు గద. ఇంజను సామాను అమ్మి కప్పిండని ఆ ముగ్గురు అనుకుంటున్నరు.”

యాకయ్య నిర్ఘాంతపోయాడు. అవి కూలిపోయిన బడి పెంకులు, బతిమాలి తెచ్చుకున్నవి. తనను అనుమానించేవాళ్లు కూడా ఉంటారని అతనికి అంతవరకూ తట్టనే లేదు. పోయి చెప్పుకుందామంటే, అడగని మాటకు సంజాయిషీ ఇస్తే మరీ దొంగలా ఉంటుంది. అప్పటినుంచి నలుగురూ ఎదురుపడితే వానల గురించి మాట్లాడుకున్నారు. ఆ ఏడు కందూరు కూడా చేయలేదు.

చలికాలంలో జీపు వచ్చింది. సంజీవరెడ్డి, విద్యాసాగర్, మ్యూజియం నుంచి కళ్లద్దాల ఆఫీసరు ఒకాయన దిగారు. యాకయ్య తాళం తీశాడు. లోపలికెక్కిన విద్యాసాగర్ చాలాసేపు బయటికి రాలేదు. ఇత్తడి సామాన్లున్న చోటల్లా బొక్కలు.

సంజీవరెడ్డి అరుపులకు తండా వాళ్లంతా పోగయ్యారు. దొంగ ఎవడో తేలితే ఠాణాలో వేయించి తోలు తీయిస్తానన్నాడు. ఆ రోజుల్లో ఆ అడవి పల్లెల్లో ఠాణా పేరు చెబితే ఏ పాపం ఎరుగనివాడికీ కాళ్లు వణికేవి. అన్నల కోసమని పట్టుకుపోయిన వాళ్లలో అందరూ తిరిగి రాలేదు. గుంపులో ఉన్న దానియేలు నేల చూశాడు. భీమ్లా ఆకాశం చూశాడు. ఎల్లక్క యాకయ్యనే చూసింది. ఆ చూపుకు యాకయ్యకు ఒళ్లు మండింది. బిందె కొనుక్కున్నది నువ్వు, నన్ను చూస్తావేమని మనసులోనే తిట్టుకున్నాడు.

ఆఫీసరు మెత్తగానే చెప్పాడు. ఉత్త బాయిలరును తీసుకుపోవడానికి పైవాళ్లు ఒప్పుకోరట. అయితే ఇక సేటును పిలిపిస్తానన్నాడు సంజీవరెడ్డి. అప్పుడు విద్యాసాగర్ ఒక పని చేశాడు. ఇస్త్రీ చొక్కాతోనే ఇంజను కింద దూరి, చక్రాలు, ఇరుసులు తడిమి, నల్లటి జిడ్డుతో బయటికి వచ్చాడు. ఇన్నేళ్లు నిలబడ్డ ఇంజనుకు ఇంత మంచి చక్రాలు తనెక్కడా చూడలేదనీ, ఎవరో కన్నబిడ్డలా చూసుకున్నారనీ ఆఫీసరుతో అన్నాడు. వారం సంత జరిగే అంగడి రోజు దాకా ఆగమని ఆఫీసరునూ, సంజీవరెడ్డినీ బతిమాలుకున్నాడు. తరువాత జనం వైపు తిరిగాడు.

“అంగడి రోజు షెడ్డు తాళం తీసి ఉంటుంది. ఎవరూ కాపలా ఉండరు. ఎవరి దగ్గర ఏముంటే అది తెచ్చి ఇంజనులో పెట్టి వెళ్లిపోండి. ఎవరినీ అడగం. నాది పూచీ.”

యాకయ్యకు మొదటిసారి అనుమానం మీదే అనుమానం వచ్చింది. ఇనుము సేటు బరువు అడుగుతాడు. ఈ మనిషి ఒక్కసారి కూడా బరువు అడగలేదు. సేటు చొక్కా పాడుచేసుకోడు. ఇంటికి పోయి బుచ్చవ్వకు చెబితే, ఇంకా ఆలోచన ఏంది, తీసుకపోయి పెట్టు అంది. యాకయ్య గుమ్మిలో చెయ్యి పెట్టి మూట బయటికి తీశాడు. తీసినాక రెండోసారి ఆలోచించాడు. తాను పెడితే సరిపోదు, నాలుగూ ఉండాలి. తనది ఒక్కటే దొరికితే ఇంజను మిగలదు, పైగా కావలివాడి చేతిలో మిగతావి ఏమయ్యాయని సంజీవరెడ్డి ఠాణాకు పంపుతాడు. ముందు వాళ్లు పెట్టారో లేదో చూసి పెడదాం అనుకున్నాడు.

అంగడి రోజు ఊరు సగం ఖాళీ అయింది. పొద్దెక్కాక యాకయ్య మూటను గడ్డిమోపులో దూర్చి, మోపు నెత్తిన పెట్టుకుని షెడ్డుకు పోయాడు. తలుపు ఓరగా ఉంది. లోపల పాత ఇప్పనూనె వాసన. మోపు దించకుండానే మెట్టెక్కి లోపలికి చూశాడు.

ఏమీ లేదు. ఈల లేదు, గడియారం లేదు, పలక లేదు. మూల మూలా వెతికాడు. పొయ్యి తలుపు తెరిచి చూశాడు. బూడిద కూడా లేదు, వాళ్లే ఊడ్చిన పొయ్యి అది.

కోపం కంటే ముందు దుఃఖం వచ్చింది. ఒక్క బిందె కోసం, ఒక్క బస్సు ప్రయాణం కోసం అమ్ముకున్నారు కదా అనుకున్నాడు. కాసేపు ఇంజను పక్కన నిలబడి దాని ఒంటి మీద చెయ్యి వేశాడు. తనది అక్కడ పెడదామా అని ఇంకొక్కసారి అనిపించింది. ఒక్కదానితో ఏమవుతుంది? గడ్డిమోపు నెత్తిన పెట్టుకున్నట్లే ఇంటికి తిరిగి వచ్చాడు. ఇంజెక్టరు మళ్లీ వడ్ల కిందికి పోయింది.

మరునాడు విద్యాసాగర్ వచ్చి, ఖాళీ ఇంజను చూసి, తిరుగు బస్సెక్కాడు. వారం తిరక్కుండా సేటు మనుషులు ఇనుము కోసే గ్యాసు బండలతో దిగారు. ఇత్తడి లేకపోతే లారీ రాదన్న యాకయ్య లెక్క తప్పింది. ఒకటి కాదు, రెండు లారీలు వచ్చాయి. మొదట పొగగొట్టం కోశారు. తరువాత బాయిలరును దొప్పలుగా చీల్చారు. కావలివాడు కాబట్టి యాకయ్య అక్కడే ఉండి చూడవలసి వచ్చింది. నీళ్లు అడిగితే ఇవ్వలేదు. వాళ్లే చెరువుకు పోయి తాగి వచ్చారు.

లారీలు పోయిన మరునాడు నలుగురూ ఎవరికి వారే షెడ్డు దగ్గరికి వచ్చారు. నేల మీద నల్లటి నూనె మరక, మాడిన రేకు ముక్కలు తప్ప ఏమీ లేదు. ముగ్గురినీ అక్కడ చూసేసరికి యాకయ్యకు ఇక ఆగలేదు. విసవిసా ఇంటికి పోయి, మూట తెచ్చి, వాళ్ల ముందు నేలకేసి కొట్టాడు. గోనె చినిగి ఇంజెక్టరు బయటపడింది.

“చూడుండ్రి. నేను అమ్ముకోలే. నా పోగు నా తానే ఉన్నది. ఇగ మీ మొఖాలు ఏడ పెట్టుకుంటరో పెట్టుకోండ్రి.”

ఎల్లక్క దాన్ని చూసింది, యాకయ్యను చూసింది. చూసి ఇంటి దారి పట్టింది. సిగ్గుతో పోయిందనుకున్నాడు యాకయ్య. ఆమె తిరిగి వచ్చేసరికి చంకలో మూట ఉంది. విప్పితే ఆవిరి గడియారం. అద్దం మీద గీత కూడా పడలేదు. భీమ్లా తలపాగా తీసి ముఖం తుడుచుకుని, తండా వైపు దాదాపు పరుగెత్తాడు. ఈల తెచ్చాడు. దానియేలు ఎక్కడికీ పోలేదు, అతని మూట చేతిసంచిలోనే ఉంది. తెల్లారి నుంచీ సంచిలో పెట్టుకునే తిరుగుతున్నాడు. ఇత్తడి పలక బయటికి తీసి మిగతా మూడింటి పక్కన పెట్టాడు.

“అంగడి నాడు పొద్దుగాల్నే వచ్చిన,” అంది ఎల్లక్క. “ఒడిల పెట్టుకొనే వచ్చిన. చూస్తె ఒక్కటి లేదు. మీరంత అమ్ముకున్నరనుకొని మర్లిపోయిన.”

భీమ్లా ఆమె వెనుకే వచ్చాడట. ఖాళీగా కనపడితే, యాకయ్య పెంకులు గుర్తొచ్చి, ఉమ్మేసి పోయాడట. దానియేలు మధ్యాహ్నం వచ్చాడు. ఇంజను మెట్టు మీద కూర్చుని ప్రార్థన చేసుకుని, సంచి తీసుకుని వెళ్లిపోయాడు. కాటారం పోయిన గోనె సంచిలో భీమ్లా అక్కడి తన బిడ్డకు తీసుకుపోయిన ఇప్పపువ్వు ఉందని, జనగామ దవాఖానలో దానియేలు భార్య కంటికి శుక్లం తీశారని, బిందె ఎల్లక్క తమ్ముడు పెట్టినదని ఇప్పుడు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. అడగని మాటలకు ఆ పూటంతా జవాబులు చెప్పుకున్నారు. చెప్పుకోవడం అయ్యాక యాకయ్య మట్టిలో కూలబడి, చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. అతన్ని ఎవరూ ఓదార్చలేదు. వాళ్లకూ ఏడుపే వస్తోంది.

ఇంజను కోశారని విని విద్యాసాగర్ ఆ సాయంత్రం బస్సుకు వచ్చాడు. ఏ చిన్న ముక్కైనా మిగిలి ఉంటుందేమోనని ఆశ. వచ్చి, వరుసగా పెట్టిన నాలుగు సామాన్లను చూసి నిలబడిపోయాడు. మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్కటే చేతిలోకి తీసుకున్నాడు. నాలుగూ అతను అడిగినవే. నాలుగూ కొత్తవాటిలా మెరుస్తున్నాయి.

“అంగడి రోజు ఇవన్నీ ఎక్కడున్నాయి?” అని అడిగాడు.

ఎల్లక్క కొంగు నోటికడ్డం పెట్టుకుంది. యాకయ్యే చెప్పాడు.

“మా ఇండ్లల్లనే ఉన్నయి సారూ. మంచిగ భద్రంగ దాసినం. ఒక్కటి గూడ పోలే.”